పాలన తీరు సాగును ఎంత పెంచిందో, ఎంత ముంచిందో లెక్కగట్టడం ఎలా

పాలన బాగున్న దేశాల్లో వ్యవసాయం బాగుంటుందని నిరూపించడానికి ఎక్కువమంది ఒకటే దారి పడతారు. ఒక పాలనా సూచీని (దేశాల పాలనకు మార్కులేసే పట్టికను) దించుకుంటారు, పక్కన వ్యవసాయ వృద్ధి రేటు పెడతారు, ఒకటి మారితే రెండోది ఎంత మారుతుందో చెప్పే రిగ్రెషన్ లెక్క నడుపుతారు. గుణకం ప్లస్‌లో వస్తుంది, పక్కన ‘ఇది యాదృచ్ఛికం కాదు’ అనే మూడు నక్షత్రాలు పడతాయి, వ్యాసం సిద్ధం. ఇది నేల విడిచి సాము. సూచీ పొలంలోకి రాదు. పొలంలోకి వచ్చేవి నీళ్లు, ఎరువు, ధర, హక్కు కాగితం. పాలన వీటిలో దేన్ని మార్చింది, ఎంత మార్చింది, ఎన్నాళ్లకు మార్చింది అన్నది ముందు తేల్చుకోవాలి. అందుకే ఈ పద్ధతిలో సూచీల దగ్గరికి చాలా ఆలస్యంగా వెళ్తాం.

ముందు దారులు గీయండి

కాగితానికి ఒక చివర ‘పాలన’, రెండో చివర ‘దిగుబడి’ అని రాయండి. వాటి మధ్య అయిదు దారులు ఉంటాయి: భూమి హక్కు, ధర, ఎరువు-విత్తనం, నీరు, పరిశోధన-విస్తరణ సేవ. ఒక్కో దారికి మూడు విషయాలు రాసుకోండి: ఏ కార్యాలయం చేతిలో ఉంది, ఏ కొలతతో పట్టుకోవచ్చు, ఫలితం కనబడటానికి ఎంత కాలం పడుతుంది. మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. ధర మారితే ఒక పంట కాలంలోనే విత్తే విస్తీర్ణం మారుతుంది. ఎరువు సకాలంలో అందితే ఒకటి రెండు ఏళ్లలో తెలుస్తుంది. హక్కు గట్టిపడి రైతు చెట్లు పెడితే అవి కాపుకొచ్చేదాకా ఆగాలి. పరిశోధనకు పెట్టిన డబ్బు పదేళ్లు దాటాక గానీ దిగుబడిలో కనబడదు. ఈ అన్నిటికీ ఒకే ఏడాది ఆలస్యం పెట్టి లెక్కిస్తే పరిశోధన ప్రభావం ఎప్పుడూ సున్నాగానే తేలుతుంది.

భూమి హక్కుతో మొదలుపెడదాం. ఆర్థికవేత్తలు మార్కస్ గోల్డ్‌స్టీన్, క్రిస్టోఫర్ ఉద్రి 2008లో ప్రచురించిన పరిశోధన ఘనాలోని ఆక్వాపిమ్ ప్రాంతానిది. అక్కడ నేల సారం తిరిగి రావాలంటే కొన్నేళ్లు బీడు పెట్టాలి. స్థానికంగా పదవి, పలుకుబడి ఉన్నవాళ్లు నిశ్చింతగా బీడు పెట్టారు, వాళ్లకు దిగుబడి ఎక్కువొచ్చింది. అవి లేనివాళ్లు బీడు పెడితే నేల చేజారుతుందన్న భయంతో త్వరత్వరగా మళ్లీ దున్నారు, సారం పోగొట్టుకున్నారు. ఊరు ఒకటే, నేల ఒకటే, వాన ఒకటే. తేడా వచ్చింది హక్కు మీద భరోసాలో. దేశ స్థాయి సూచీలో ఈ తేడా కనబడే అవకాశమే లేదు.

కాబట్టి ఈ దారిని కొలిచేటప్పుడు ఎన్ని పట్టాలు ఇచ్చారన్న లెక్కతో ఆగకండి. రువాండా 2009 నుంచి 2013 లోపు కోటికి పైగా కమతాల హద్దులు గుర్తించి నమోదు చేసింది. అది పెద్ద పనే. కానీ అసలు పరీక్ష మొదటి నమోదు కాదు, రెండోది. తండ్రి పోయాక, అమ్మకం జరిగాక పేరు మార్పిడికి రైతు మళ్లీ ఆ కార్యాలయం మెట్లెక్కాడా, లేదా? మార్పిడికి పట్టే రోజులు, అయ్యే ఖర్చు, పెండింగ్‌లో ఉన్న తగాదాలు, ఈ మూడూ సేకరించండి. మార్పిళ్లు నమోదు కాకపోతే పదేళ్లలో రికార్డు ఒకవైపు, పొలం ఒకవైపు అయిపోతాయి.

ధర దారి: చేత్తో కట్టగల లెక్క

ప్రభుత్వం రైతు మీద వేసే అతి పెద్ద పన్ను చాలాసార్లు బడ్జెట్‌లో కనబడదు. కొనుగోలు బోర్డు ధరలో, మారకపు రేటులో దాక్కుని ఉంటుంది. దాన్ని బయటికి లాగే లెక్క ఇది. పంటకు ఓడరేవు దగ్గర ఉన్న ధర తీసుకోండి. అందులోంచి పొలం నుంచి రేవుదాకా అయ్యే రవాణా, శుద్ధి, వ్యాపారి న్యాయమైన లాభం తీసేయండి. మిగిలింది రైతుకు రావాల్సిన ధర. వచ్చిన ధరలోంచి రావాల్సిన ధరను తీసేసి, తేడాను రావాల్సిన ధరతో భాగించండి.

ఉదాహరణకు రేవు ధర 200, మధ్య ఖర్చులు 30, రైతు చేతికొచ్చింది 120 అనుకుందాం. రావాల్సింది 170. తేడా మైనస్ 50. భాగిస్తే మైనస్ 29 శాతం. అంటే నూటికి 29 వంతుల పన్ను, చట్టంలో ఎక్కడా లేని పన్ను. కిమ్ ఆండర్సన్ నాయకత్వంలో ప్రపంచ బ్యాంకు చేపట్టిన అధ్యయనం అనేక దేశాలకు ఈ రకం లెక్కలే కట్టింది. దశాబ్దాల వరుస కావాలంటే అక్కడ తీసుకోవచ్చు.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు మారకపు రేటు. ఘనాలో 1978 నుంచి 1983 దాకా అధికారిక రేటు డాలరుకు 2.75 సెడీలు. బయటి మార్కెట్లో డాలరు అంతకు ఎన్నో రెట్లు పలికింది. అధికారిక రేటుతో కోకో ధరను సెడీల్లోకి మారిస్తే పన్ను చిన్నదిగా కనబడుతుంది. బయటి రేటుతో మారిస్తే రైతు ఎందుకు తోట వదిలేశాడో అర్థమవుతుంది. 1960ల మధ్యలో 5.5 లక్షల టన్నులు దాటిన ఘనా కోకో 1983-84లో 1.6 లక్షల టన్నుల లోపుకు పడిపోయింది. అయితే ఈ పతనమంతా పాలన ఖాతాలో వేయకండి. 1983లో తీవ్రమైన కరువు, తోటల్లో కార్చిచ్చు కూడా ఉన్నాయి. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ గణాంకాలు బోర్డు కొన్న సరుకువి. సరిహద్దు దాటి పక్కనున్న ఐవరీ కోస్ట్‌కు దొంగచాటుగా పోయిన గింజలు ఘనా ఉత్పత్తిలో చేరలేదు, అటువైపు లెక్కలో చేరాయి. అంటే చెడ్డ ధర ఉత్పత్తిని తగ్గించింది, దాంతోపాటు ఉత్పత్తి గణాంకాన్నీ చెడగొట్టింది. బోర్డులు ఉన్న దేశాల్లో పక్క దేశం ఎగుమతులను కూడా పక్కన పెట్టుకుని చూడాల్సింది ఇందుకే.

ఎరువు దారి: ఎక్కడ కారిందో పట్టుకోవడం

పైనుంచి విడుదలైనది కిందిదాకా ఎంత చేరిందో మెట్టు మెట్టుకూ వెంటాడే పద్ధతి ఇది. ఇది వ్యవసాయంలో పుట్టలేదు. ఉగాండాలో ఆర్థికవేత్తలు రిట్వా రైనిక్కా, యాకోబ్ స్వెన్సన్ బడుల గ్రాంట్లను వెంటాడారు. 1991-95 మధ్య కేంద్ర ప్రభుత్వం తలసరి గ్రాంటుగా విడుదల చేసిన డబ్బులో సగటున 13 శాతమే బడులకు చేరిందని తేల్చారు. అదే ఎత్తుగడను ఎరువుకు వాడండి. నాలుగు చోట్ల కాగితాలు కావాలి: మంత్రిత్వ శాఖ విడుదల ఉత్తర్వు, జిల్లా గోదాము రసీదులు, డీలరు స్టాకు రిజిస్టరు, రైతుల సర్వే. నాలుగింటికీ ఒకే సీజన్, ఒకే ఎరువు, ఒకే కొలమానం ఉండాలి. బస్తాలను టన్నులుగా మార్చేటప్పుడు బస్తా 45 కిలోలా, 50 కిలోలా అని ముందే అడిగి తెలుసుకోండి. అయిదు కిలోల తేడా పది శాతం ‘అవినీతి’గా మారిన లెక్కలు పుడతాయి.

విడుదల 1,000 టన్నులు, గోదాముకు 960, డీలర్లకు 880, రైతులు కొన్నామన్నది 610 అనుకుందాం. మొత్తం లోటు 390. అందులో 270 చివరి మెట్టు మీదే ఉంది. ఇక్కడే తొందరపడకూడదు. ఆ 270 టన్నుల్లో కొంత రైతు మతిమరుపు కావచ్చు, సీజన్ అయిన ఆర్నెల్లకు అడిగితే సరైన సంఖ్య రాదు. కొంత సరిహద్దు దాటి ఉండొచ్చు. కొంత కర్మాగారానికి పోయి ఉండొచ్చు. యూరియా ప్లైవుడ్ జిగురుకు పనికొస్తుంది కాబట్టే భారతదేశం 2015లో స్వదేశీ యూరియా మొత్తానికీ వేపపూత తప్పనిసరి చేసింది. మిగతాది సబ్సిడీ ధరకు కాకుండా పూర్తి ధరకు వేరే రైతుకు అమ్ముడై ఉండొచ్చు. ఈ చివరి రకంలో డబ్బు దారి మళ్లింది, ఎరువు మాత్రం ఏదో ఒక పొలానికే చేరింది. దిగుబడి మీద దాని ప్రభావం, సరిహద్దు దాటిన బస్తా ప్రభావం ఒకటి కావు. రెండు గళ్లు విడివిడిగా పెట్టండి.

పరిమాణంతో పాటు తేదీ కూడా రాయండి. భాస్వరం ఎరువు విత్తేటప్పుడే నేలలో పడాలి. నెల ఆలస్యంగా చేరిన బస్తా కాగితం మీద ‘అందింది’ అనే ఉంటుంది, పంటకు మాత్రం అందనట్టే. చాలా దేశాల్లో దొంగతనం కంటే ఈ ఆలస్యమే ఎక్కువ నష్టం చేస్తుందని మా అంచనా. టెండరు ఆలస్యానికి ఎవరి మీదా కేసు ఉండదు కాబట్టి అది అవినీతి సూచీల్లోకి ఎక్కదు.

నీటి దారికి ఒక్క కొలత చాలు: కాలువ ఎగువ తూములకు, చివరి తూములకు వారంలో ఎన్ని గంటలు, ఎంత ప్రవాహం వచ్చింది. చివరి భూములకు అందింది ఎగువకు అందిన దానిలో ఎన్నో వంతో ఏటా రాసుకుంటూ పోతే నిర్వహణ, క్రమశిక్షణ రెండూ అందులోనే బయటపడతాయి. పరిశోధన-విస్తరణకు బడ్జెట్ కేటాయింపు కాక ఖర్చైన మొత్తం, అందులో జీతాలు పోగా మిగిలిన వాటా చూడండి. 2003లో మపూటోలో ఆఫ్రికా దేశాధినేతలు బడ్జెట్‌లో కనీసం 10 శాతం వ్యవసాయానికి కేటాయిస్తామని మాటిచ్చారు. ఆ పది శాతాన్ని తూచేటప్పుడు కేటాయింపుకీ ఖర్చుకీ మధ్య దూరం, అందులో ఒక్క ఎరువుల సబ్సిడీ మింగిన భాగం వేరుచేయకపోతే ఆ అంకె ఏమీ చెప్పదు.

వృద్ధిని ఏ అంకెతో కొలవాలి

మూడు వరుసలు దొరుకుతాయి. ప్రపంచ బ్యాంకు ఇచ్చే స్థిర ధరల స్థూల విలువ జోడింపు, ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) ఉత్పత్తి సూచీ, అమెరికా వ్యవసాయ శాఖ 1961 నుంచి ఇస్తున్న మొత్తం ఉత్పాదకత సూచీ (భూమి, కూలి, ఎరువు లాంటి పెట్టుబడులన్నిటితో పోల్చి ఉత్పత్తి ఎంతో చెప్పేది). మొదటిదాంట్లో అడవులు, చేపలు కూడా కలిసి ఉంటాయి. కలప నరికి అమ్మే దేశంలో పాలన చెడేకొద్దీ ‘వ్యవసాయ’ వృద్ధి పెరిగినట్టు కనబడే ప్రమాదం ఉంది. జాతీయ ఖాతాల ఆధార సంవత్సరం మార్చినప్పుడు కూడా జాగ్రత్త. 2010లో ఘనా జీడీపీ ఒక్కసారిగా దాదాపు 60 శాతం, 2014లో నైజీరియాది 89 శాతం పెద్దదైంది. పెరిగింది లెక్క, పంట కాదు.

మా సలహా: ప్రధాన ఫలితానికి మొత్తం ఉత్పాదకత వాడండి, ఎందుకంటే కొత్త భూమి దున్ని పెంచిన ఉత్పత్తిని అది వృద్ధిగా లెక్కించదు. మిగతా రెండూ సరిచూడటానికి. ఏ వరుసైనా ఒక్క ఏడాది మార్పును వాడొద్దు. ఒక కరువు, ఆ మరుసటి ఏడాది మంచి వాన కలిసి మైనస్ 20, ప్లస్ 25 అని దూకుతాయి. ఏళ్లను అయిదేసి చొప్పున గంపలుగా కట్టి, ఒక్కో గంపలో లాగరిథమ్ విలువల వాలును వృద్ధి రేటుగా తీసుకోండి. మొదటి, చివరి ఏళ్ల మధ్య తేడాతో సరిపెడితే ఆ రెండేళ్ల వాతావరణమే మీ ఫలితం అవుతుంది.

ఇప్పుడు సూచీ

ఎక్కువగా వాడేది ప్రపంచ పాలనా సూచికలు, పొట్టిగా డబ్ల్యూజీఐ. 1996లో మొదలై 2002 దాకా ఏడాది విడిచి ఏడాది, తర్వాత ఏటా వచ్చాయి. ఆరు కోణాలు: ప్రజల గొంతు-జవాబుదారీ, రాజకీయ స్థిరత్వం, ప్రభుత్వ సామర్థ్యం, నియంత్రణల నాణ్యత, చట్టబద్ధ పాలన, అవినీతి అదుపు. ఎన్నేళ్లుగానో అందరూ వాడుతున్న కొలబద్ద సుమారు మైనస్ 2.5 నుంచి ప్లస్ 2.5 దాకా ఉంటుంది. 1984 నుంచి నెలనెలా అంకెలు కావాలంటే ఐసీఆర్‌జీ (ఇంటర్నేషనల్ కంట్రీ రిస్క్ గైడ్) ఉంది, దానికి చందా కట్టాలి. అందులో అవినీతికి 6 పాయింట్లు, శాంతిభద్రతలకు 6, ఉద్యోగ యంత్రాంగం నాణ్యతకు 4.

డబ్ల్యూజీఐతో నాలుగు గోతులున్నాయి. ఒకటి, ఆ కొలబద్దలో ప్రతి ఏటా ప్రపంచ సగటును సున్నాకు తెస్తారు. మీ దేశం మెరుగుపడినా, మిగతావి అంతే మెరుగుపడితే అంకె కదలదు. రెండు, ప్రతి అంకెకూ ప్రామాణిక దోషం (ఆ అంకె ఎంత అటూ ఇటూ ఊగగలదో చెప్పేది) పక్కనే ఇస్తారు, ఎవరూ దించుకోరు. అది 0.2 అయితే 90 శాతం విశ్వాస పరిధి అటూ ఇటూ 0.33. ఒక దేశం మైనస్ 0.60 నుంచి మైనస్ 0.45కు వస్తే ‘పాలన మెరుగైంది’ అని రాయడానికి ఆధారం లేదు. మూడు, చట్టబద్ధ పాలన, ప్రభుత్వ సామర్థ్యం, అవినీతి అదుపు ఒకదానితో ఒకటి 0.9 చుట్టూ సహసంబంధంలో ఉంటాయి. మూడింటినీ ఒకే సమీకరణంలో పెడితే ఒకటి ప్లస్, ఒకటి మైనస్ అని పిచ్చి ఫలితాలొస్తాయి. ఒకసారి ఒకటే పెట్టండి, లేదా మొదట గీసిన దారికి దగ్గరైన కోణాన్ని మాత్రమే తీసుకోండి: భూమికి చట్టబద్ధ పాలన, ఎరువుకు అవినీతి అదుపు, ధరకు నియంత్రణల నాణ్యత. నాలుగు, కొత్త విడుదలలో పాత ఏళ్ల అంకెలూ మారతాయి. ఏ విడుదలో ఫైలు పేరులోనే రాసుకోండి.

1997, 1999, 2001 ఖాళీలను సరళరేఖతో పూడ్చకండి. లేని స్థిరత్వం పుట్టుకొస్తుంది. గంపలో ఉన్న ఏళ్ల సగటు చాలు.

సమీకరణం, అది చెడే తీరు

అరవై, డెబ్భై దేశాలు, అయిదేసి గంపలు ఉంటే 300 నుంచి 350 పరిశీలనలు. ఎడమవైపు ఉత్పాదకత వృద్ధి. కుడివైపు ముందటి గంపలోని పాలన అంకె, సాగు కాలపు వాన, సంఘర్షణ, గంప ఆరంభంలో ఉత్పాదకత స్థాయి, దేశ స్థిర ప్రభావం (ఆ దేశంలో కాలంతో మారని గుణాలన్నీ), కాల స్థిర ప్రభావం (అన్ని దేశాలనూ ఒకేసారి తాకిన మార్పులు). వానను దేశం మొత్తానికి సగటు తీస్తే ఎడారి వాన కూడా పంటకు పడినట్టే అవుతుంది. 1981 నుంచి దొరికే చర్ప్స్ గ్రిడ్‌ను (ఉపగ్రహాలు, వానమాపకాల సమాచారంతో గడి గడికీ వాన చెప్పేదాన్ని) సాగు భూమి బరువుతో సగటు తీయండి. దాని రెండో వెర్షన్ భూమధ్యరేఖకు రెండు వైపులా 50 డిగ్రీల అక్షాంశం వరకే ఉంటుంది, అభివృద్ధి చెందుతున్న దేశాల్లో అత్యధికం అందులోకే వస్తాయి. ప్రామాణిక దోషాలను దేశం వారీగా గుంపు కట్టండి.

ఎరువు వాడకం, నీటిపారుదల విస్తీర్ణం కుడివైపు పెట్టకండి. అవి పాలన నడిచే దారులే కదా. వాటిని స్థిరంగా ఉంచి పాలన ప్రభావం ఎంత అని అడిగితే, చేతులు కట్టేసి ఈదమన్నట్టు. మొదట అవి లేకుండా నడపండి, తర్వాత ఒక్కొక్కటే చేర్చి గుణకం ఎంత కుంగిందో చూడండి. ఆ కుంగుబాటు ఏ దారి బలమైనదో సూచిస్తుంది, రుజువు మాత్రం కాదు.

దేశ స్థిర ప్రభావం పెట్టగానే గుణకం కూలిపోవడం మామూలు. పాలన నెమ్మదిగా మారుతుంది కాబట్టి దేశాల మధ్య తేడా పోయాక మిగిలేది చిన్న కదలిక, అందులోనూ చాలాభాగం కొలత దోషం. దేశం లోపలి మార్పు వేరియన్స్ (చెదురుదల కొలత) 0.06, అందులో దోషం వాటా 0.03 అనుకుంటే గుణకం నిజంలో సగమే వస్తుంది. ‘ప్రభావం లేదు’ అని రాసే ముందు ఈ భాగహారం చేయండి.

ఆరంభ స్థాయిని, స్థిర ప్రభావాన్ని కలిపి పెట్టినందుకు అయిదు గంపల పొట్టి ప్యానెల్‌లో నికెల్ దోషం (కొద్ది గంపలే ఉంటే గుణకం పక్కకు వాలే పొరపాటు) వస్తుంది. దానికి మందుగా సిస్టమ్ జీఎంఎం అనే అంచనా పద్ధతి వాడేవాళ్లు సాధనాల (పాలనను కదిలించి, వృద్ధిని నేరుగా కదిలించని అంకెల) సంఖ్య దేశాల సంఖ్య దాటకుండా చూడాలి. ఆలస్యాల లోతు తగ్గించండి, సాధనాలను కుదించండి. సాధనాలు చెల్లుతాయో లేదో చూసే హాన్సెన్ పరీక్షలో పీ విలువ 1.000 అని వస్తే సంతోషించకండి, సాధనాలు కుప్పలు పడ్డాయని అర్థం. వలస పాలన నాటి ఐరోపా వలసవాసుల మరణాల రేటును సాధనంగా వాడే పద్ధతి 2001 నుంచి ప్రసిద్ధం. కానీ ఆ అంకె కాలంతో మారదు, దేశ స్థిర ప్రభావం దాన్ని మింగేస్తుంది. రెండూ కలిపి వాడలేరు.

వెనక్కి తిరిగే కారణం ఇంకా మిగిలే ఉంటుంది. పంటలు బాగుంటే ఖజానా నిండుతుంది, గొడవలు తగ్గుతాయి. అంకెలిచ్చే నిపుణులు కూడా వృద్ధి బాగున్న దేశానికి ఉదారంగా మార్కులేస్తారు. దీనికి మందు తేదీ ఉన్న సంస్కరణలు. వియత్నాం 1988లో పదో తీర్మానంతో భూమిని కుటుంబాల చేతికిచ్చింది, 1989లో పది లక్షల టన్నులకు పైగా బియ్యం ఎగుమతి చేసింది. చైనాలో కుటుంబ బాధ్యతా విధానం 1978లో మొదలైంది. ధాన్యం 30.5 కోట్ల టన్నుల నుంచి 1984కి 40.7 కోట్ల టన్నులకు పెరిగింది. ఆర్థికవేత్త జస్టిన్ లిన్ 1992 లెక్క ప్రకారం ఆ కాలపు వ్యవసాయ వృద్ధిలో దాదాపు సగం ఈ మార్పు వల్ల వచ్చిందే. కానీ 1979లో ప్రభుత్వం సేకరణ ధరలూ పెంచింది, కాబట్టి తేదీ ఒక్కటే చూసి అంతా హక్కుకే రాసేస్తే తప్పు. ప్రజల గొంతుకు చోటు లేని దేశంలో ఈ వృద్ధి జరగడం చాలామంది నమూనాలకు మింగుడుపడదు. రైతు మిగులు రైతుదే అన్న ఒక్క ఇరుకైన నియమం నమ్మకంగా అమలైతే, మిగతా సూచీలన్నీ కింద ఉన్నా సాగు లేస్తుందన్నది దాని అర్థం.

ఫలితాన్ని రాసేటప్పుడు గుణకాన్ని అచ్చంగా ఇవ్వకండి. 0.8 వచ్చిందంటే సూచీ ఒక పూర్తి యూనిట్ పెరిగితే వృద్ధి 0.8 శాతం పాయింట్లు పెరుగుతుందని. పదేళ్లలో ఒక యూనిట్ ఎగబాకే దేశాలు అరుదు. దేశం లోపలి సాధారణ కదలిక 0.2 అయితే ప్రభావం 0.16 పాయింట్లు. ఏటా 3 శాతం పెరిగే వ్యవసాయం 3.16 అయితే, ఇవాళ 100 ఉన్నది పదేళ్లకు 134.4 బదులు 136.5 అవుతుంది. దీని పక్కనే ధర దారి లెక్క పెట్టి చూడండి: మైనస్ 29 శాతం ధర మైనస్ 10కి వస్తే రైతు చేతికి 120 బదులు 153. ఈ రెండూ ఒకే పట్టికలో ఉంటే మంత్రిత్వ శాఖలో చదివే వ్యక్తి వేలు ఏ గడి మీద ఆగుతుందో ఊహించడం కష్టం కాదు.